లెక్కల బాబుకి దాహం వేసిన రోజు

మామిడి టెంకలు మొలకెత్తే రోజుల్లో ఆ కుర్రాడు మా పేటకి వచ్చాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెంకల దగ్గరే మొదలుపెడుతున్నాను.

స్వరాజ్యం వచ్చిన కొత్త. బియ్యానికి ఇంకా కంట్రోలే, మనిషికింత అని సర్కారు కొలిచి ఇచ్చేది. ఆగిరిపల్లి వైపు తోటల్లో కోతలు అయిపోయి, కాయ బళ్ళన్నీ వెళ్ళిపోయి, తొలకరి పడింది. నేను కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. చంకలో పాలు తాగే పిల్లాడు. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను.

మా ఆయన తోట కావలి. తోట ఒకరిదైతే, ఏటా వేలంపాట పాడి ఆ ఏటి కాయంతా కొనుక్కునేది ఇంకొకరు. ఆయన్ని పాటదారుగారు అనేవాళ్ళం. కావలి జీతమైనా కోతకూలి అయినా ఆయన చేతి నుంచే రావాలి. ఆ రెండూ కలిపినా మా కుండ నిండేది కాదు. మమ్మల్ని నిలబెట్టింది రాలిన కాయ.

గాలివానకి రాలిన కాయకి దెబ్బ తగులుతుంది. బెజవాడ వెళ్ళేలోపు కుళ్ళిపోతుంది కాబట్టి బండెక్కించరు. అందుకని అది కావలి వాళ్ళ ఆడవాళ్ళదీ, కోతకి వచ్చే ఆడవాళ్ళదీ అని ఎప్పటినుంచో వాడుక. ఎవరూ రాసిచ్చింది కాదు. గాలి తగ్గగానే బుట్టలు పట్టుకుని వెళ్ళి ఏరుకొచ్చేవాళ్ళం. గడ్డిలో మగ్గబెట్టి, దెబ్బ తగిలినంత మేర కోసేసి, రసం పిండి, బెల్లం కలిపి తాటాకు చాపల మీద పోసేవాళ్ళం. ఒక పొర ఎండాక దాని మీద ఇంకో పొర. ఎండలు పోయేనాటికి అది దుప్పటంత మందాన తాండ్ర అయ్యేది. చాపలు ఎవరికి వాళ్ళే అల్లుకునేవాళ్ళు. ఒకరు ఆకు వెడల్పుగా చీల్చేవాళ్ళు, ఒకరు ఏటవాలుగా అల్లేవాళ్ళు. మా అత్త మాత్రం ఈనెంత సన్నగా చీల్చేది. ఆ అల్లిక తాండ్ర అడుగున అచ్చు పడేది. ముక్క తిరగేసి చూస్తే ఎవరింటిదో మాకు తెలిసిపోయేది.

ఆ తాండ్ర గంపలకెత్తుకుని జి. కొండూరు వైపు రైతుల ఇళ్ళకి వెళ్తే, తాండ్ర తీసుకుని వడ్లు పోసేవాళ్ళు. వానాకాలమంతా మేం తిన్నది ఆ వడ్లే.

పాటదారుగారికి తాండ్ర చేస్తామని తెలుసు గానీ, అది ఎంతో తెలియదు. పిల్లలకి ఏదో పూసుకుంటారులే అనుకునేవాడు. ఆయన అలా అనుకున్నన్నాళ్ళే మాకు రాలిన కాయ. ముందటేడు పక్క తోటలో ఆడవాళ్ళు వడ్ల మూటలతో రావడం చూసి, అక్కడి పాటదారు రాలిన కాయకి కూడా ధర కట్టాడు. ఆ ఏడు వానల్లో వాళ్ళు గింజలడుక్కోవడానికి మా గుమ్మంలోకే వచ్చారు. అది మా అత్త మర్చిపోలేదు.

ఒక్క మనిషికి మాత్రం అంతా తెలుసు. అది పాటదారుగారి భార్యకే. ఏటా అత్త ఒక చాప తాండ్ర వాళ్ళ పెరటి గుమ్మంలో దించి వచ్చేది. అమ్మగారు దాన్ని తమ్ముడి చేత బెజవాడలో అమ్మించి, ఆ డబ్బు పుట్టింటివాళ్ళు పెట్టారని భర్తకి చెప్పుకునేది.

ఇలా ఉండగా సర్కారు వాళ్ళు పంపించారని ఒక చదువుకున్న కుర్రాడు వచ్చాడు. ఊళ్ళో జనం ఏ పనులు చేసి ఏం తిని బతుకుతున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకుంటాడట. మేం లెక్కల బాబు అని పేరు పెట్టాం. దిగడానికి వేరే చోటు లేక పాటదారుగారి వీధి అరుగు మీద మకాం పెట్టాడు. పగలు మా దగ్గర రాసుకున్నది సాయంత్రం ఆ అరుగు మీదే కూర్చుని చూసుకుంటాడు. అది పాటదారుగారి కంట పడితే ఏమవుతుందో మా అత్తకి వెంటనే తట్టింది.

పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగింది.

"చాపలు చుట్టి చూరులో దూర్చండే. తాండ్ర ఉట్టి మీంచి తీసి వడ్ల కుండలో పెట్టండి. కూలికెళ్తాం, వండుకుంటాం, అంతే చెప్పండి. ఏయ్, నువ్వు నవ్వకు. నీ నవ్వు చూస్తే చెవిటోడిక్కూడా అర్థమైపోద్ది."

లెక్కల బాబు గొడుగేసుకుని మొదట మా ఇంటికే వచ్చాడు. మనిషి మెతక. కూర్చోమని అత్త పీట వేసింది. కూలి ఎంతో అడిగాడు, చెప్పింది. కంట్రోలు బియ్యం ఎంత వస్తుందో అడిగాడు, చెప్పింది. రాసుకుని ఆ అంకెలు కూడి చూశాడు.

"పెద్దమ్మా, మీరు చెప్పిన కూలితో, ఆ బియ్యంతో లెక్కేస్తే ఈ పాటికి మీరు ముగ్గురూ మంచాన పడి ఉండాలి."

"మేం తక్కువ తింటామండి బాబూ."

"ఎంత తక్కువ తిన్నా సరే. వచ్చేది ఇంత, బతకడానికి కావాల్సింది ఇంత. మధ్యలో పెద్ద గొయ్యి ఉంది. అది దేంతో పూడుస్తున్నారో నాకు కావాలి."

"దేవుడి దయండి."

ఆయన నవ్వాడు. లేచి పెరటి వైపు చూశాడు. మేం చాపలు దాచాం, తాండ్ర దాచాం, టెంకల కుప్ప సంగతి ఎవరికీ తట్టలేదు. తొలకరికి కుప్ప మొత్తం మొలిచి ఉంది. ఎర్రటి లేత ఆకులతో నారుమడిలా ఊగుతోంది.

"ఆ మొక్కలేంటి పెద్దమ్మా?"

"టెంకలండి. పిల్లలు తిని పారేస్తే మొలిచాయి."

"ఎంతమంది పిల్లలు మీకు?"

అత్త నా చంకలోకి చూసింది. "వీడొక్కడేనండి."

"వీడికి పళ్ళొచ్చాయా?"

నాకు నవ్వొచ్చి పిల్లాడి మెడలో మొహం దాచుకున్నాను. అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన దాన్ని అక్కడితో వదిలేసి, "కొంచెం మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాడు.

ఇదే మేం అనుకోనిది. మా ఇళ్ళల్లో నీళ్ళు తాగే ఆఫీసరు అప్పటిదాకా రాలేదు. ఏం అడిగితే ఏం చెప్పాలో పొద్దుటి నుంచీ వల్లించుకున్నాం గానీ, దాహం వేస్తే ఏం చెయ్యాలో ఎవరూ అనుకోలేదు. ఎండన పడి వచ్చిన మనిషికి ఉత్త మంచినీళ్ళు ఇవ్వం. నోట్లోకి తీపి ఏదన్నా పెట్టి ఇస్తాం. ఉన్న బెల్లమంతా తాండ్రలో కలిపేశాం. అత్త చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది, ఒకసారి వెనక్కీ ఒకసారి ముందుకీ చూసింది. తర్వాత లోపలికొచ్చి వడ్ల కుండలో చెయ్యి పెట్టి, ఒక ముక్క తుంచి, గింజలు దులిపి, ఆయన చేతిలో పెట్టింది.

"ఉత్త నీళ్ళు తాగకూడదండి. ఇది... ఇంట్లో పడుంటే."

"చాలా బాగుంది పెద్దమ్మా. మిగతాది తర్వాత తింటాను," అని సగం కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాడు.

ఆయన పక్కింటికి వెళ్ళాక అత్త తల పట్టుకుంది. "అందరికీ చెప్పిందాన్ని నేనే పెట్టానేంటే?"

పేటలో మిగతా ఇళ్ళవాళ్ళూ అదే చేశారు. ప్రతి గుమ్మంలోనూ వేరే పనేం చెయ్యమండి అని చెప్పారు. ప్రతి గుమ్మంలోనూ ఆయనకి మంచినీళ్ళు ఇచ్చారు. ఉత్త నీళ్ళు ఎవరిస్తారు? మధ్యాహ్నానికి ఆయన సంచి బరువెక్కింది. నవ్వొద్దని అత్త తిట్టిన పిల్లయితే, "చిన్నది పెడితే బాగోదని పెద్దదే పెట్టానత్తా," అని వచ్చి చెప్పింది.

ఆయన గొడుగు మా ఇంట్లో మర్చిపోయాడు. అది ఇచ్చే వంకన ఏం జరుగుతోందో చూద్దామని, చీకటి పడకముందే అత్తా నేనూ పాటదారుగారి ఇంటికి వెళ్ళాం.

అరుగు మీద నులక మంచం. మంచం మీద కాగితం పరిచి, దాని మీద తాండ్ర ముక్కలన్నీ తిరగేసి వరసగా పేర్చుకుని కూర్చున్నాడు లెక్కల బాబు. వేలితో ఆ అచ్చులు తడిమి చూస్తున్నాడు. వెడల్పు ఆకు ఒకటి, ఏటవాలు ఒకటి, మా అత్తది సన్నది. మమ్మల్ని చూసి, "ఇది మీదే కదా పెద్దమ్మా," అన్నాడు మెల్లగా. అత్త గొడుగు ఇవ్వడం కూడా మర్చిపోయింది.

అప్పుడే పాటదారుగారు కాళ్ళు కడుక్కుని లోపలి నుంచి వచ్చాడు.

"ఏంటండీ ఇదీ, అంగడి పెట్టారా? ఇన్ని రకాల తాండ్ర ఎక్కడిది?" అని, మమ్మల్ని చూసి, "ఏంటే మీరిటొచ్చారు?" అన్నాడు.

"గొడుగండి. బాబుగారిది."

ఆయన మంచం వైపు చూశాడు, మా వైపు చూశాడు, మళ్ళీ మంచం వైపు చూశాడు. లెక్కల బాబు ఏదో చెప్పబోయాడు. ఏం చెప్పినా రాలిన కాయ పోయినట్టే అనుకున్నాను. వచ్చే వానల్లో గింజల కోసం మేం ఎవరి గుమ్మంలోకి వెళ్ళాలో కూడా ఆలోచించేశాను.

లోపలి నుంచి అమ్మగారు మజ్జిగ గ్లాసుతో వచ్చింది. గుమ్మంలో ఆగి ఆ వరస చూసింది. పొద్దుటి నుంచీ పేటలో ఏం జరిగిందో ఆవిడకి ఒక్క చూపుతో తెలిసిపోయి ఉంటుంది.

"నేనే పెట్టానండీ," అంది భర్తతో. "పట్నం నుంచి వచ్చిన బాబు, మన వైపు తాండ్ర ఎలా ఉంటుందో చూస్తాడని."

"మనింట్లో తాండ్రెప్పుడు పోశావు? నేను చూళ్ళేదే?"

"మీరు తోటలో ఉన్నప్పుడు. మీరు ఇంట్లో ఉంటే అది తే, ఇది తే అనడమే గానీ ఏ పనన్నా సాగనిస్తారా? ఈ పేట ఆడాళ్ళే వచ్చి పోసి పెట్టారు. రాలిన కాయే. పారేసే కాయ."

"ఇన్ని చాపలు ఎక్కడివి మనకి?"

"చాపలు కూడా మీకు లెక్క చెప్పాలా?"

లెక్కల బాబు మజ్జిగ అందుకుంటూ, "అన్నీ మీ ఇంటివేనా అమ్మగారూ?" అన్నాడు.

"అన్నీ మా ఇంటివే బాబూ."

"అయితే మీరు చాలా పనే చేస్తారన్నమాట. రాసుకోమంటారా?"

ఆవిడ భర్త వైపు చూసింది. "అబ్బే, పనేముంది బాబూ. నేను ఇంట్లో ఊరికే ఉంటాను."

పాటదారుగారు నవ్వి, "అదీ నిజమే," అని ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. అది మా అత్త పోసిందే. "బాగానే చేశావే," అన్నాడు భార్యతో.

ఇంటికొచ్చాక అత్త గుమ్మంలో కూలబడి, పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని చాలాసేపు నవ్వింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

మర్నాడు లెక్కల బాబు బస్సుకి వెళ్తూ మా గుమ్మం ముందు ఆగాడు.

"ఏం రాశారండి బాబూ?" అంది అత్త.

ఆయన పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. నేను మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివాను. పేటలో అక్షరం వచ్చిన ఆడదాన్ని నేనే. మా ఇంటి దగ్గర రాసింది వెతికి పైకి చదివాను. మగవారి పని, తోట కావలి. ఆడవారి పని, కోతలప్పుడు కూలి. వేరే పని లేదు.

"అందరూ లేదన్నారు, లేదనే రాశాను," అన్నాడు ఆయన. "ఆ గొయ్యి మాత్రం అలాగే ఉంచాను పెద్దమ్మా. మా పై ఆఫీసర్లు అడిగితే, ఆ ఊళ్ళో జనం ఎలా బతుకుతున్నారో తెలియలేదని చెప్తాను. మీకు అదే మంచిది కదా?"

"అదే మంచిదండి. చల్లగా ఉండండి."

ఆయన వెళ్ళిపోయాడు. అత్త చూరులోంచి చాప తీసి, చీమలు పట్టాయేమోనని దులిపి, మళ్ళీ చుట్టింది. చుట్టి ఊరుకోలేక నన్ను పిలిచింది.

"ఏమే, లేదనే రాశాడా?"

"లేదనే రాశాడత్తా."

"ఉత్త లేదనేనా? ఇంకేం లేదా?"

"అంతే ఉంది."

"పోనీ కొంచెం అనన్నా రాయకపోయాడా," అంది. చాప చూరులోకి తోస్తూ, "వద్దులే. లేదనే ఉండనీ," అంది.

పై ఏడు ఎండాకాలంలో మొదటి గాలివాన వచ్చిన పొద్దున బుట్టలు పట్టుకుని తోటకి వెళ్ళాం. పాటదారుగారు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మేం బుట్టలు వెనక్కి దాచుకున్నాం.

"ఏరుకోండి, ఏరుకోండి," అన్నాడు. "ముందు మా ఆవిడకి పోసి పెట్టండి. ఈ ఏడు రెండు చాపలు కావాలంది. తర్వాతే మీ పిల్లలకి."

"అలాగేనండి బాబుగారూ," అంది అత్త. చెట్ల కిందకి వచ్చాక నా పక్కన వంగి కాయ ఏరుతూ, "చూశావా, లేని పనికి వాటా పెరిగింది," అంది.

తడి గడ్డిలో రసాల కాయలు ఎక్కడికక్కడ పడి ఉన్నాయి. అవి ఎండెక్కకముందే ఎత్తాలి. నేను పిల్లాణ్ణి నీడలో దింపి, నా బుట్ట ముందుకి జరుపుకున్నాను.