పులిహోరలో రెండో పిడికెడు

పోయిన ఆదివారం మా అక్కావాళ్ళ గృహప్రవేశంలో రెండొందల మంది తినాల్సిన పులిహోర నా ఒక్కడి మూలాన తగలడిపోవాల్సింది. కారణం ఒక పుస్తకం అంటే నమ్ముతారా?

నేను తెనాలిలో గుమాస్తాని. పదహారేళ్ళ సర్వీసు. పొద్దున పదింటికి కూర్చుంటే, ఐదెప్పుడవుతుందా అని గడియారం వంక చూసే బాపతు. కొత్తగా వచ్చిన మేనేజర్ గారు అందరికీ తలా ఒక పుస్తకం పంచారు, పనిలో ఆనందం వెతుక్కోవడం ఎలా అని. ఊరికే వచ్చింది కదా అని చదివాను. చదివాక పట్టుకుందండీ పిచ్చి. పనిలో మునిగిపోయే మనిషిని చూసి, ‘ఇందులో మీకేం దొరుకుతోంది?’ అని అడగమని అందులో ఉంది. ఆఫీసంతా వెతికాను. ఒక్కడూ కనపడలేదు.

అక్కావాళ్ళ కొత్తిల్లు చెరుకుపల్లిలో. సత్యనారాయణ వ్రతం, ఆ తర్వాత భోజనాలు. వంటకి రేపల్లె నుంచి కోటయ్య గారు వచ్చారు, అరవై దాటిన మనిషి. షామియానా కింద గుడ్డ మీద అన్నం ఆరబోసి పులిహోర కలుపుతున్నారు. అబ్బ, ఏం చెప్పమంటారు. అంత అన్నం అటూ ఇటూ తిప్పుతున్నా ఒక్క మెతుకు నలగడం లేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నేను ఏ ఫైలు మీదా అంత ప్రేమగా చెయ్యి వేసి ఎరగను.

ఆయన పిడికిట్లోకి ఉప్పు తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే అడిగాను.

“మాస్టారూ, ఈ పనిలో మీకేం దొరుకుతుందండీ?”

“కూలి దొరుకుతుంది బాబూ.”

“అది కాదండీ, లోపల... మనసుకి?”

నన్ను ఎగాదిగా చూశారు. ఇంతలో అవతల పోపు నూనె పొగలు కక్కింది. “అదిగో, మీతో మాటల్లో పడితే నూనె మాడుతోంది,” అంటూ లేచి వెళ్ళిపోయారు.

చూస్తే చెయ్యి ఖాళీ. ఉప్పు అన్నంలో వేశారా, తిరిగి డబ్బాలో పోశారా? నేను ఆయన మొహమే చూస్తున్నాను, చెయ్యి చూడలేదు. రుచి చూద్దామా అంటే లోపల పంతులు గారు ఇంకా నాలుగో కథలోనే ఉన్నారు. నైవేద్యం కాకుండా మెతుకు నోట్లో వేసుకుంటే మా అక్క నన్ను గడప తొక్కనివ్వదు. ఆయన్నే అడగడానికి మొహం చెల్లలేదు. నా మూలాన పెద్దాయన పేరు పోతుందేమోనని ఒకటే దడ. చివరికి ఎవరూ చూడకుండా ఒక పిడికెడు ఉప్పు చల్లి కలిపేశాను.

కోటయ్య గారు వచ్చి పోపు పోశారు. ఓసారి కలిపి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆగిపోయారు.

“ఉప్పు రెండుసార్లు పడింది. ఒకటే నాది,” అన్నారు.

నోట్లో పెట్టలేదండీ. ఉత్త వాసన.

“రెండోది నాది మాస్టారూ,” అన్నాను.

తిట్టలేదు. భోజనాలకని వార్చిన తెల్లన్నం సగం తెచ్చి ఇందులో గుమ్మరించారు. పొయ్యి మీద మళ్ళీ ఎసరు పెట్టించారు. బుట్టెడు నిమ్మకాయలు నా ముందు పెట్టి, “పిండండి, మాట్లాడకండి,” అన్నారు. నేను పిండుతున్నాను, ఆయన కలుపుతున్నారు, మధ్యమధ్య ముక్కు దగ్గర పెట్టుకుంటున్నారు. ఆ చేతుల వంక చూస్తూ నా వేళ్ళు మండుతున్న సంగతే మర్చిపోయాను. ఐదో కథ పూర్తయ్యేసరికి “చాలు” అన్నారు.

మొదటి బంతిలో మా బావగారి పెదనాన్న కూర్చున్నారు. బాపట్ల నుంచి వచ్చారు. ఏ ఇంటి భోజనానికైనా వంక పెట్టందే చెయ్యి కడగరు. నేను నీళ్ళ జగ్గు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆయన ఒక ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు. మారు వేయించుకున్నారు.

“ఉప్పు ఇంత సమంగా కుదిరిన పులిహోర ఈమధ్య తినలేదయ్యా. ఎవరి చెయ్యి ఇది?”

కోటయ్య గారు మొహంలో నవ్వు కనపడనివ్వకుండా నా వైపు చూపించారు. “ఉప్పు వీరే వేశారండీ.”

“శభాష్ రా అబ్బాయ్,” అని పెదనాన్న గారు ఎడం చేత్తో నా వీపు తట్టారు. బంతి బంతంతా నా వంకే చూసింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారండీ. అదీ నేను చెడగొట్టిన పనికి. అయినా సిగ్గులేకుండా ఎంత ఆనందం వేసిందంటే, తల వంచుకుని, “అబ్బే, ఏముందండీ” అనేశాను.