రెండు కాళ్ళకీ ఒకే సూది

"బందరులో ఊలు ఎవరు కొంటారండీ" అని విజయవాడ నుంచి వచ్చే ఏజెంటు ప్రతిసారీ నవ్వుతాడు. పుట్టినవాళ్ళందరికీ కావాలయ్యా అంటాను. రోహిణి ఎండల్లో పుట్టినా సరే, మా దగ్గర పసిబిడ్డ తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు లేకుండా ఆస్పత్రి గడప దాటదు. ఈ పేటలో ఆ టోపీలు చాలావరకు సౌభాగ్యమ్మ అల్లినవే.

నాకు బజారులో చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, దారాలు, ఊలు అమ్ముతాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఒక చీర పట్టుకుని నలభై రంగులు తీయించి చివరికి మొదటి రంగే కొనేవాళ్ళను భరించి భరించి ఇలా అయ్యానని నేనంటాను. పెళ్ళినాటికే ఇలా ఉన్నానని మా ఆయన మధుసూదనరావు అంటాడు. ఆ తగవు ఇక్కడ అనవసరం.

సౌభాగ్యమ్మది నందివాడ దగ్గర పల్లె. గుడివాడలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో అక్కడి వార్డెనమ్మ ఆడపిల్లలందరికీ అల్లిక నేర్పింది. మిగతావాళ్ళు పరీక్షలతోపాటు అదీ మరిచిపోయారు. ఈవిడకు మాత్రం చేతికి అంటుకుపోయింది. దివిసీమలో కాలవ మీద నీళ్ళు వదిలే లస్కరుగా చేసే హనోకును పెళ్ళి చేసుకుంది, తర్వాత బందరులో ఒక కాన్పుల ఆస్పత్రిలో ఆయాగా చేరింది. ఆ వార్డులో ఎంతమందిని ఎత్తుకుందో ఆవిడకే తెలియదు. హనోకు పోయి, ఉద్యోగం అయిపోయాక కూడా చేతులు ఊరుకోలేదు. చర్చిలో స్త్రీల సమాజం ప్రార్థన జరుగుతుంటే కళ్ళు మూసుకునే అల్లేస్తుంది. పాస్టరమ్మగారు ఒకసారి అడిగితే, "కళ్ళు మూసుకోమన్నారు గాని చేతులు ఆపమన్లేదుగదండీ" అందట.

అంత పనిమంతురాలికి ఒక లోపం ఉంది. టోపీ అద్భుతంగా వస్తుంది. మేజోళ్ళు మాత్రం జతగా రావు. మొదటిది మోజుగా అల్లుతుంది, రెండోదానికొచ్చేసరికి విసుగు పుడుతుంది. చెయ్యి బిగుస్తుంది, అది పొట్టిదైపోతుంది. ఒక్కోసారి రెండోది అసలు పుట్టదు. ఆవిడ పెట్టెలో ఒంటరి మేజోళ్ళు బోలెడు ఉన్నాయి. "ఒంటికాలి పిల్లలు పుడితే నీ దగ్గరకే పంపుతా అక్కా" అని ఏడిపించేదాన్ని.

ఇక జోహ్రా. నా కొట్టు వెనక గదిలో మిషను మీద చీరలకు ఫాల్స్ కుడుతుంది. భర్త నూరుల్లా రోల్డ్ గోల్డ్ నగలకు పాలిష్ పెడతాడు. జోహ్రా అందరికంటే ముందు వచ్చి కూర్చుంటుంది, అందరూ వెళ్ళాక లేస్తుంది. బురఖా నేల ఊడుస్తుంటుంది. నడుస్తుంటే ఎడమకాలు ఒక క్షణం వెనకపడుతుంది. అడిగితే మోకాళ్ళ నొప్పులంటుంది. బందరులో బోదకాలును గుర్తుపట్టని మనిషి ఎవరుంటారు. దోమలు మాకు కొత్తా. కానీ చూసీ చూడనట్టు ఉండడం మా ఊరి మర్యాద. ఎదుటివాళ్ళు మోకాలంటే మనమూ మోకాలనే అంటాం, జండూబామ్ పేరు చెబుతాం.

పోయినేడు నూరుల్లా భార్యాభర్తలిద్దరికీ ఉమ్రా యాత్రకు పేర్లు రాయించాడు. మక్కా చూడాలని జోహ్రాకు చిన్ననాటి నుంచి ఉన్న కోరిక. ఊరంతా స్వీట్లు పంచాల్సిన మనిషి ముఖం వేలాడేసుకుని కూర్చుంది. అల్లిక పట్టుకుని రోజూ కొట్టుకొచ్చి కూర్చునే సౌభాగ్యమ్మ మూడు రోజులు చూసి అడిగింది.

"అక్కడ చెప్పులుండవుగదక్కా. లోపలంతా ఉత్తకాళ్ళతోనే తిరగాలి" అంది జోహ్రా.

"సాక్సులేసుకోకూడదా?"

"ఆడవాళ్ళు ఏసుకోవచ్చు. కొట్లో దొరికేవి నాకు పట్టవు."

ఎందుకు పట్టవో చెప్పలేదు. ఎందుకని ఈవిడా అడగలేదు. "నేను అల్లిస్తాలే, కాలు ఇటు పెట్టు" అని టేపు తీసింది. జోహ్రా కుడికాలు పెట్టింది. వేళ్ళు, పాదం, మడమ, పిక్క అన్నీ కొలిచాక సౌభాగ్యమ్మ టేపు పట్టుకుని ఊరికే చూసింది. "రెండూ ఒకటేలే అక్కా" అని జోహ్రా కాలు లోపలికి లాక్కుంది. టేపు చుట్టేసింది మా మర్యాదస్తురాలు. నేను కౌంటరు దగ్గర లైనింగు కత్తిరిస్తూ నోరు మూసుకున్నాను. అది నాకు ఎంత కష్టమో మా ఆయన్ను అడగండి.

తెల్లటి నూలు దారంతో, తనకు వచ్చిన పద్ధతిలోనే, రెండు సూదుల మీద పలకలా అల్లి అంచులు కలిపి కుట్టి తెచ్చింది. ఈసారి పట్టుదలగా రెండూ సమానంగా అల్లింది పాపం. జోహ్రా కళ్ళకద్దుకుని సంచీలో పెట్టుకుంది. తొడిగి చూడలేదు.

వారం తిరక్కుండానే నూరుల్లా కొట్టుకొచ్చి, "మా ఇంటావిడ రానంటుందండీ. మా చెల్లెల్ని తీసుకెళ్ళమంటుంది. మీరైనా చెప్పండి రాజ్యలక్ష్మి గారూ" అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక సౌభాగ్యమ్మ తల దించుకుని, "నా అల్లిక బాగోలేదేమో" అంది. జోహ్రా మిషను తొక్కుతూనే, "చాలా బాగుందక్కా, మోకాళ్ళే..." అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి షట్టరు సగానికి దించాను.

"మీ ఇద్దరి మర్యాదలూ తగలెయ్య. ఆవిడ అడగదు, నువ్వు చెప్పవు. మధ్యలో మక్కా పోయేట్టుంది. ఆ ఎడమకాలు ఇటు పెట్టు జోహ్రా."

మిషను ఆగిపోయింది. జోహ్రా ముఖం చూసి, నా నోరు పడిపోను, ఎంత మాటన్నానని భయపడ్డాను. ఆమె రెండు చేతులా బురఖా అంచు పట్టుకుని పైకి తీసింది.

మోకాలి కింద నుంచి పాదం దాకా ఒకటే లావు. చీలమండ ఎక్కడుందో తెలియడం లేదు. చర్మం గరుకుదేరి మడమ దగ్గర మడతలు పడింది. ఆ పాదానికి వేళ్ళు మాత్రం చిన్నపిల్ల వేళ్ళలా ఉన్నాయి. గోళ్ళకు ఎర్రగా గోరింటాకు. ఎవరూ చూడని కాలికి ఏ పండక్కో కూర్చుని పెట్టుకుంది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

సౌభాగ్యమ్మ ఏడవలేదు. కింద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఆస్పత్రిలో బిడ్డల్ని చూసినట్టే వేళ్ళ సందులన్నీ విడదీసి చూసింది. "సబ్బుతో కడుగుతున్నావా? సందులు తడి లేకుండా తుడుస్తున్నావా?"

"రోజూ. ఆయనే కడుగుతాడు. ఆయన తప్ప ఇప్పటిదాకా ఎవరూ చూళ్ళేదక్కా."

"బాగా ఉంచాడు. పుండన్నది లేదు" అని, నా వైపు తిరిగి, "నా సాక్సుకి పక్కన కుట్టుంది రాజ్యం. ఈ కాలికి ఆ కుట్టు ఒరుసుకుంటే పుండు పడుద్ది. కుట్టు లేకుండా అల్లాలి" అంది. నేనేడుస్తుంటే ఈవిడ కుట్టు గురించి ఆలోచిస్తోంది.

సౌభాగ్యమ్మ మనవరాలు సుప్రియ ఫోనులో వీడియో వెతికిపెట్టింది. ఎవరో దొరసాని, రెండు మేజోళ్ళనూ ఒకే సూది మీద ఒకేసారి అల్లుతోంది. అది మామూలు సూది కాదు. రెండు మొనలూ పొడవాటి ప్లాస్టిక్ తీగతో కలిసి ఉంటాయి. వేళ్ళ కొసల దగ్గర మొదలుపెట్టి పాదం మీదుగా పైకి వెళ్తుంది. అక్కడక్కడ ఆగి కాలికి తొడిగి చూసుకోవచ్చు, కుట్టాల్సిన అంచు ఉండదు. ఆవిడ భాష అర్థం కాక సౌభాగ్యమ్మ సౌండు తీసేసి చేతులు మాత్రమే చూసేది. సూదిని మా ఏజెంటు చేత తెప్పించాను. ఈసారి అతను నవ్వలేదు, నా ముఖం చూసి ఉంటాడు.

"ఒకదాని తర్వాత ఒకటి అల్లరాదా అక్కా, కొత్త పనికి ఇంత మెలిక ఎందుకు" అన్నాను.

"నా సంగతి తెలుసుగదే. ముందు మంచికాలిది అల్లితే రెండోదానికి నాకు విసుగొస్తది. ఈ ఎడమకాలికెప్పుడూ రెండో వంతే. ఈసారి రెండూ కలిసే రావాలి" అంది.

మాటలు బాగానే ఉన్నాయి, పని మాత్రం చుక్కలు చూపించింది. కుడిదానికో ఉండ, ఎడమదానికో ఉండ. ఆ ఉండలు పిల్లికూనల్లా ఒకదాన్నొకటి చుట్టుకునేవి. రెండు స్టీలు గిన్నెల్లో వేసి అటొకటి ఇటొకటి పెట్టించాను. అయినా ఒకరోజు మాటల్లో పడి కుడిదాని దారంతో ఎడమదాన్ని అల్లేసింది. తీసి చూస్తే రెండు మేజోళ్ళూ పక్కపక్కన అతుక్కుని ఉన్నాయి. "దీంట్లో కాళ్ళు పెడితే కప్పగంతులే" అన్నాను. జోహ్రా మిషను మీదికి వాలిపోయి నవ్వింది. సౌభాగ్యమ్మ కిక్కురుమనకుండా అంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఎడమదానికి సూది మీద ఉచ్చులు ఎక్కువ, కుడిదానికి తక్కువ. వరసలు మాత్రం రెంటికీ ఒకటే. ఇదొక వరస అయితే అదొక వరస, ఏదీ ముందుకు పోదు.

పాదం సగం దాకా వచ్చాక తొడిగి చూసే రోజు వచ్చింది, షట్టరు సగానికి దించాను. సూది మొనలకు రబ్బరు బిరడాలు పెట్టి, రెండు పాదాలూ రెండింటిలో దూర్చింది. మధ్యలో తీగ. జోహ్రా కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుంది, లేవడానికి లేదు, కదలడానికి లేదు. సరిగ్గా అప్పుడే ఘంటసాల నుంచి వచ్చే పున్నమ్మ, నా పాత ఖాతాదారు, షట్టరు కింద నుంచి దూరి తిన్నగా వెనక గదిలోకి వచ్చేసింది. "ఏవమ్మా, నా చీర ఫాల్..." అని ఆగిపోయింది.

జోహ్రా బురఖా లాక్కోబోయింది. అది మోకాళ్ళ పైనుంది, కాళ్ళు సూదికి కట్టేసినట్టున్నాయి. నేను తిట్టడానికి నోరు తెరిచాను. పున్నమ్మ అప్పటికే చతికిలబడి ఎడమకాలి మేజోడు చివర రెండు వేళ్ళతో సాగదీసి చూస్తోంది.

"మా అత్తకీ ఇంతే. ఎప్పుడూ పాత పంచె గుడ్డలు చుట్టుకుంటది. ఏవండీ, ఆవిడక్కూడా ఇట్టాంటియ్యి అల్లుతారా?"

సౌభాగ్యమ్మ అల్లుతానంది. పున్నమ్మ చీర తీసుకుని, పాలకాయతిప్పలో కొన్న ఎండుచేపలు మాకు తలా కాసిని పెట్టి వెళ్ళిపోయింది. జోహ్రా చాలాసేపు అలాగే కూర్చుంది. బురఖా కిందికి దించుకోవాలని తోచినట్టు లేదు.

మడమ తిరిగి పిక్కల దాకా వచ్చేసరికి ప్రయాణం దగ్గరపడింది. పొద్దున తొడిగితే హాయిగా ఎక్కింది. సాయంత్రం తొడిగితే మడమ దగ్గరే ఇరుక్కుంది. రోజంతా కాలు కిందపెట్టి మిషను తొక్కితే ఆ కాలు సాయంత్రానికి ఇంకా ఉబ్బుతుందని జోహ్రాకు తెలుసు, చెప్పాలని తోచలేదు. ఇన్నేళ్ళూ ఎవరు అడిగారని. "ఇంక ఒదిలెయ్యక్కా. కుడిదొకటి పూర్తిచేసివ్వు. ఎడమదానికి ఏదో గుడ్డ చుట్టుకుంటాను" అంది.

"రెండూ ఒకే సూది మీదున్నాయి. ఇది ఆగితే అదీ ఆగుద్ది" అంది సౌభాగ్యమ్మ. గొంతు పెంచలేదు. కాన్పు గదిలో తల్లులతో ఇలాగే మాట్లాడి ఉంటుంది.

మడమ దాకా విప్పింది. వేళ్ళ వైపు నుంచి అల్లింది కాబట్టి పాదం చెక్కుచెదరలేదు. ఇక అక్కడి నుంచి సాయంత్రం కాలికే అల్లింది. రోజూ కొట్టు కట్టేసే వేళకు వచ్చి తొడిగి చూసి, ఉన్నంత వెలుతురులో కూర్చునేది. పై అంచు బిగిస్తే కాలికి ముప్పని దాన్ని సాగేలా ముగించడం నేర్చుకుంది. ఊరికే తెల్లగా ఎందుకని ఆకుల తీగ ఒకటి ఎక్కించింది. కుడికాలి మీద ఒక తీగ పట్టింది. ఎడమకాలి మీద చోటు ఉంది కదా అని రెండు తీగలు వేసి, మధ్యలో పువ్వులు పెట్టింది. రెండూ ఒకే సాయంత్రం సూది దిగాయి. ఆవిడ జీవితంలో నిజంగా జతగా దిగిన మేజోళ్ళు అవేనని నా నమ్మకం. రెండూ పక్కన పెడితే ఎవరూ జత అనరు. తొడుక్కుని జోహ్రా నిలబడితే మాత్రం ఒకే ఎత్తున, ఒకే చోట ఆగాయి. వాటితోనే వెళ్ళింది.

తిరిగొచ్చాక మక్కా బావిలోని జంజం నీళ్ళ సీసా, ఖర్జూరాలు పట్టుకుని కొట్టుకొచ్చింది. సౌభాగ్యమ్మ పున్నమ్మ అత్తగారి మేజోళ్ళు అల్లుతోంది. అక్కడి జనం, పాలరాయి చల్లదనం, నూరుల్లా తప్పిపోయి దొరకడం, అన్నీ చెప్పింది. చివర్లో ఒక సంగతి చెప్పింది. నమాజు అయ్యాక కూర్చుని ఉంటే ఏ దేశపు ఆడమనిషో, పక్కన కూర్చుని, మేజోళ్ళు చూపించి ఏదో అడిగిందట. భాష తెలియకపోయినా, ఎవరు అల్లారని అడుగుతోందని అర్థమైంది. ఆమె బాగా చూడాలని బురఖా అంచు తీసి కాలు ముందుకు చాపిందట.

సౌభాగ్యమ్మ సూది ఆగింది. "ఏ కాలు?"

"ఎడమదే. నీ అల్లిక దాని మీదేగదక్కా బాగా కనపడేది" అంది జోహ్రా.