దేరాలో రెండు గురువారాలు, ఒక పాత క్యాసెట్టు

దుబాయి రాత్రుల గురించి మా జగిత్యాలలో ఒక్కటే కథ నడుస్తుంది. మగవాడు విమానం దిగుతాడు, గురువారం రాత్రి రంగు లైట్ల కింద అడుగు పెడతాడు, ఎవతో ఒకతె వల వేస్తుంది, ఇక అతను ఇంటికి పనికిరాడు. మా కాలేజీ స్టాఫ్‌రూములో లెక్కల లెక్చరరు చెప్పినా ఇదే కథ, సిరిసిల్లలో మా చిన్నాయన మరమగ్గాల చప్పుడు మధ్య గొంతు పెంచి చెప్పినా ఇదే కథ. వీళ్ళలో ఒక్కరూ ఆ లైట్ల కింద కూర్చున్నవాళ్ళు కారు. నేను కూర్చున్నాను. నలభై ఆరేళ్ళ వయసులో, పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేదాన్ని, నేత చీర కట్టుకుని రెండు గురువారాలు కూర్చుని వచ్చాను. కాబట్టి ఆ కథ ఇక నా ముందర ఎవరూ ఎత్తకండి.

వెళ్ళడానికి కారణం ఒక క్యాసెట్టు.

మా తమ్ముడు రాజేశం దుబాయిలో డ్రాఫ్ట్స్‌మన్. ఇక్కడ చదువుకునే రోజుల్లో ఎవరో ఇచ్చిన పోస్టరు గోడకు అంటించాడు. ఆ పుణ్యానికి ఠాణాలో పేరెక్కింది, వారం వారం వెళ్ళి సంతకం పెట్టి రావలసి వచ్చింది. వీడు అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలుస్తాడని ఒక భయం, పోలీసులు పట్టుకుపోతారని ఇంకో భయం. రెండింటికీ ఒకటే మందని మా నాయన వాడిని విమానం ఎక్కించాడు. పదకొండేళ్ళు గడిచాయి. పోయిన సెలవులో వచ్చినప్పుడు కోరుట్లలో సుజాత అనే టీచరమ్మను చూసి వెళ్ళాడు. ఇరువైపులా సరేననుకున్నారు. వరపూజకు ముందు అతని మాట ఒకటి రావాలి. మా వైపు దుబాయి పెళ్ళికొడుకు మాట క్యాసెట్టులో వస్తుంది.

వచ్చింది. కోరుట్లలో సుజాత వాళ్ళింట్లో పన్నెండు మందిమి చాప మీద కూర్చుని విన్నాం. రాజేశం అందరికీ పేరు పేరునా దండాలు పెట్టాడు, అందరి ఆరోగ్యాలూ అడిగాడు, పెళ్ళి తనకు ఇష్టమేనన్నట్టు రెండు మాటలన్నాడు, ఉంటా అన్నాడు. అక్కడితో ఆపవచ్చు. కానీ దుబాయి క్యాసెట్టును మధ్యలో ఆపే అలవాటు మా దగ్గర లేదు. మనిషి గొంతు ఇంకా ఏమైనా మిగిలి ఉంటుందేమోనని, టేపు టక్కున ఆగేదాకా ఎవరూ లేవరు. టేపు తిరుగుతూనే ఉంది. ఉన్నట్టుండి డ్రమ్ములు, కేకలు, గ్లాసుల చప్పుడు, వాటి మధ్య ఒక ఆడమనిషి నవ్వు. వెంటనే ఆమె గొంతు, మన తెలుగులోనే, పరాయి యాసలో: “రాజేశం, తిన్నవా? మంచిగ తిను.”

వాడు పాత టేపు మీద కొత్త మాట నింపి పంపాడు. కొత్త మాట ఆగిన చోటు నుంచి పాతది చెరగకుండా మిగిలింది. సుజాత పెదనాయన బటను నొక్కేసరికి అందరూ వినేశారు.

ఆ తర్వాత కోరుట్లలో ఏం మాట్లాడుకున్నారో నేను చెప్పక్కరలేదు, మొదట్లో చెప్పిన కథే. సుజాత మాత్రం వారం తర్వాత ఒంటరిగా జగిత్యాల బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. అదే క్యాసెట్టు నా చేతిలో పెట్టింది.

“అక్కా, ఎవలేమన్నరో నాకద్దు. ఔనంటడో కాదంటడో నీ తమ్మున్ని గీ టేపులనే చెప్పుమను. గా నవ్వు మీదనే చెప్పుమను.”

మా ఇంట్లో వాళ్ళకు పెళ్ళి కావాలి, వాళ్ళింట్లో వాళ్ళకు పరువు కావాలి. జవాబు కావాలన్నది ఆ పిల్ల ఒక్కతే. అది నాకు నచ్చింది. విజిట్ వీసా రావడానికి రెండు నెలలకు పైగా పట్టింది. వేసవి సెలవులు కలిసొచ్చాయి.

మధ్యాహ్నం రెండింటికి జగిత్యాలలో బొంబాయి బస్సు ఎక్కాను. మరునాడు పది దాటాక దిగాను. దారిలో తినడానికి జొన్నరొట్టెలు, పల్లికారం తీసుకెళ్ళడం మంచిదైంది. హోటలు దగ్గర ఆపిన చోట పప్పు నీళ్ళలా ఉంది. వెళ్ళదలచిన ఆడవాళ్ళకు ఒక మాట: డిగ్రీ సర్టిఫికెట్టు పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. బొంబాయి విమానాశ్రయంలో కౌంటరు అతను నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంటిపనికా అని హిందీలో అడిగాడు. పాఠాలు చెప్పే మనిషిని, మొదటి పాఠం ఎవరికి చెప్పాలో వెతుక్కుంటున్నా అన్నాను. ముద్ర పడింది.

విమానంలో నా పక్క సీటు పెగడపల్లి మేస్త్రీది. నా ప్రయాణం ఎందుకో అడిగి తెలుసుకుని, గురువారం రాత్రుల సంగతి వినగానే తల ఊపాడు. “మేడం, పదేండ్లాయె నేనుండవట్టి. గురువారం రాత్రి మేం బట్టలు పిండుకుంటం. గా లైట్లు బస్సు కిటికీల నుంచి చూసినం, గంతే.” ఇది కూడా మా స్టాఫ్‌రూముకు చెప్పవలసిన సంగతే.

మూడు గంటల ప్రయాణం. దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. రాజేశం బయట నిలబడి ఉన్నాడు, జుట్టు పలచబడింది. వాడి గదిలో ఎనిమిది మంది, కోరుట్ల వాళ్ళూ సిరిసిల్ల వాళ్ళూ, ఆడమనిషికి చోటు లేదు. నాకు వేరే చోట మంచం మాట్లాడానన్నాడు. టాక్సీ దేరా అనే పేటలో ఒక పాత బిల్డింగు ముందు ఆగింది. మూడో అంతస్తులో తలుపు తీసినామె పొట్టిగా, చురుగ్గా ఉంది.

“అచ్చినవా అక్కా? తిన్నవా?”

ఆ గొంతు నేను కోరుట్లలో విన్నాను.

తమ్ముడి వైపు చూశాను. వాడు నా పెట్టె మోసే పనిలో పడిపోయాడు. ఆమె పేరు లీనా, ఫిలిప్పీన్స్ మనిషి, పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని. ఆ హాలులో ఆరు మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య పరదా. దీన్ని బెడ్ స్పేస్ అంటారు. దుబాయిలో ఉద్యోగం చేసుకునే ఆడదాని ఇల్లు ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. ఊరికి వెళ్ళిన ఒకమ్మాయి మంచం నాకు ఇచ్చారు. నా పక్క పరదా వెనకే లీనా. వల వేసే మనిషితో పోట్లాడాలని వచ్చినదాన్ని, ఆమె వండిన అన్నం తిని, ఆమె ఇచ్చిన దుప్పటి కప్పుకుని పడుకున్నాను. యాత్రల్లో ఇలాంటివి జరుగుతాయి.

పొద్దున పరదా జరిపితే ఆమె మంచం పక్కన గోడకు ఒక ఇంటి నక్షా అంటించి ఉంది. రాజేశం చేతిరాత నాకు తెలుసు. గీత వెంట్రుకవాసి తప్పినా కాగితం చింపేసే రకం వాడు. ఆమె ఊళ్ళో కట్టుకుంటున్న ఇల్లట. వంటగది, తల్లి గది, కొడుకు గది, ఆమె గది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని అన్ని గదులూ చూశాను. లీనా నా వెతుకులాట కనిపెట్టింది.

“రాజేశం గది లేదు అక్కా,” అంది. మిగిలినది నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఆమెకు వచ్చిన తెలుగులో తెలిసింది. మొగుడు వదిలి వెళ్ళిపోయి ఏడేళ్ళు. వాళ్ళ దేశంలో విడాకుల చట్టం లేదు, కాగితం మీద ఆమె ఇంకా పెళ్ళయిన మనిషే. రాజేశాన్ని చేసుకోలేదు. కోరుట్ల అమ్మాయి సంగతి తెలుసా అని అడిగాను. తెలుసంది. ఫొటో కూడా చూసిందట, మంచి మొహం అంది.

ఇక గురువారం. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి గురువారమే పండగ. సాయంత్రం ఏడున్నరకు అబ్రా అనే చెక్కపడవలో ఊరి మధ్య సముద్రపు పాయ దాటి కాసేపు తిరిగి, మళ్ళీ ఇవతలికి వచ్చి, ఎనిమిదిన్నరకు ఒక హోటలు హాలులోకి వెళ్ళాం. ఆడవాళ్ళకు టికెట్టు లేదు, మగవాళ్ళకు ఉంది. ఆ టికెట్టు మీద ఒక గ్లాసు ఇస్తారు. మగవాళ్ళు చాలామంది ఆ ఒక్క గ్లాసు పట్టుకుని రాత్రంతా గోడకు ఆనుకుని నిలబడతారు. మన పెళ్ళిళ్ళలో బ్యాండు వాళ్ళను చూస్తూ నిలబడే బంధువులు గుర్తొచ్చారు. ఆడవాళ్ళు నర్సులు, బట్టల దుకాణాల సేల్స్‌గర్ల్స్, ఆఫీసుల్లో టైపు కొట్టేవాళ్ళు. ఫిలిప్పీన్స్ బ్యాండు పాడుతోంది. ఎవరి దేశం పాట వస్తే ఆ దేశం వాళ్ళు లేచి ఆడతారు, అయిపోగానే కూర్చుంటారు.

రాజేశం ఆడలేదు. వాడూ లీనా పెద్ద స్పీకరు పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. అక్కడ చెవులు పగిలిపోతాయని నేనంటే, మాట్లాడుకోవడానికి అదే మంచి చోటన్నాడు. నిజమే. వాళ్ళు ఒకరి చెవి దగ్గర ఒకరు నోరు పెట్టి మాట్లాడుకుంటే ఎవరికీ వినపడదు. ఎనిమిది మంది గదిలో ఒకరు, ఆరు పరదాల మధ్య ఒకరు, వాళ్ళకు దొరికిన ఏకాంతం ఆ చప్పుడే. పదకొండున్నరకు ఆడవాళ్ళందరూ ఒక్కసారే లేచారు, పన్నెండింటికి బిల్డింగుల గేట్లు మూస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడు రోడ్డు మీద లీనాకు మూరెడు దూరంలో నడిచాడు రాజేశం. పెళ్ళి కాని జంటను పోలీసులు ఆపి కాగితాలడిగితే ఇద్దరూ దేశం దాటవలసిందే. జగిత్యాల ఠాణాకు భయపడి పారిపోయినవాడు ఇక్కడా మూర కొలుచుకుని నడుస్తున్నాడు.

మరునాడు టీ కొట్టు దగ్గర వాడిని నిలదీశాను. నీ ఉద్దేశం ఏమిటన్నాను. వాడు కప్పులోకి చూస్తూ చెప్పాడు.

“పెండ్లి చేసుకుంటే అమ్మకు సంబురం. రెండేండ్లకొకపారి నెలరోజులు వస్త. అందరు గట్లనే చేస్తున్నరు గదక్కా.”

“గురువారం లీనాకు, నెలరోజులు సుజాతకా? నక్షాల ఎవలెవలికి ఏ గది ఇచ్చినవో అది గూడ చెప్పు.”

వాడు టీ డబ్బులిచ్చి లేచాడు. వారమంతా ఆ మాట ఎత్తనివ్వలేదు. రెండో గురువారం కూడా అదే హాలు, అదే బల్ల. ఈసారి నేను స్పీకరు దగ్గరే కూర్చున్నాను. ఆ చప్పుడులో నా వాదన నాకే వినపడలేదు. లీనా నా ప్లేటులో చేపముక్క వేసి, మంచిగ తిను అంది.

శుక్రవారం పొద్దున గదిలోని ఆడపిల్లలందరూ చర్చికి వెళ్ళారు, లీనాతో సహా. రాజేశం వచ్చి టేపు రికార్డరు బల్ల మీద పెట్టి, క్యాసెట్టు అడిగాడు. మొదటి నుంచి తిప్పి, బటను నొక్కి మాట్లాడాడు. ఏడెనిమిది నిమిషాలు. అయిపోయింది కదా అని నేను నోరు తెరవబోతే వేలు పెదవి మీద పెట్టి, గొంతు తగ్గించి, “మాట్లాడకక్కా. ఆగేదాక నడువాలె, లేకుంటే పాతది మిగుల్తది,” అన్నాడు. ఏసీ మోతలో ఇరవై నిమిషాలకు పైగా ఇద్దరం మాట లేకుండా కూర్చున్నాం. నా జీవితంలో నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదటిసారి. మధ్యలో ఒక్కసారి దగ్గాను.

తిరుగు ప్రయాణం. బొంబాయిలో ఎస్టీడీ బూత్ నుంచి కోరుట్లలో సుజాత ఇంటి పక్క దుకాణానికి ఫోను చేసి, రేపు పది పదకొండు మధ్య బస్టాండుకు రమ్మని చెప్పించాను. మధ్యాహ్నం మూడింటికి బస్సు. బస్సు నిండా దుబాయి పెట్టెలూ, దుబాయి మనుషులను సాగనంపి వస్తున్న ఇంటివాళ్ళూ. తెల్లారి నిజామాబాద్, ఆ తర్వాత ఆర్మూర్. మెట్‌పల్లి ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు.

ఆ రోజుల్లో సినిమా పాటల క్యాసెట్ల మాటున అన్నల పాటలు ఊళ్ళు తిరిగేవి. ఎస్ఐ నా సంచిలోంచి క్యాసెట్టు తీసి, మీద ఏమీ రాసి లేదేమని అడిగాడు. అది కోరుట్లలో ఒక పిల్ల సొత్తు, విప్పే హక్కు నాకూ లేదు మీకూ లేదు అన్నాను.

“మేడం, గిట్ల మాట్లాడెటోళ్ళనే మేం ఎతుకుతున్నం,” అని క్యాసెట్టు డ్రైవరుకిచ్చాడు. బస్సు టేపులో రాజేశం గొంతు మోగింది.

“సుజాత గారు, నేను రాజేశం. మిమ్ముల నేను చేసుకోను. మీల తప్పులేదు. గా నవ్విన మనిషి పేరు లీనా. ఆమెను చేసుకోరాదు, ఇడిచిపెట్టరాదు. ఇది దాచి మిమ్ముల నెల పెండ్లాం చేద్దామనుకున్న. గది నా తప్పు.”

మిగిలినది క్షమాపణ, ఆమెకు తప్ప ఎవరికీ పనికిరాదు. ఎస్ఐ టోపీ సర్దుకుని బయటకు చూశాడు. మాట అయిపోయింది, ఏసీ మోత మొదలైంది. కానిస్టేబుల్ వదల్లేదు, పాట వెనక ఉంటుంది సార్ అన్నాడు. ముందుకు తిప్పమంటే ఆ బటను ఎప్పుడో పోయిందన్నాడు డ్రైవరు. అలా మేమందరం ఇరవై నిమిషాలు ఏమీ లేని టేపు విన్నాం. కిందికి దిగవచ్చు, బీడీ కాల్చుకోవచ్చు, ఒక్కరూ కదల్లేదు. ఎక్కడో నా దగ్గు వినపడింది. టక్కున ఆగాకే మనుషులు కదిలారు.

కథలాపూర్‌కు పోతున్న ఒక ముసలామె ముందు సీటు నుంచి వెనక్కి తిరిగింది. “బిడ్డా, కోరుట్లల గీ మాట మా నోటెంట రాదు. గా పొల్లకు నువ్వే చెప్పు.” చుట్టూ తలలూగాయి.

పదకొండుకు కోరుట్ల. సుజాత బస్టాండులో నిలబడి ఉంది, బడులు అప్పుడే తెరిచారు, భుజానికి బడి సంచి. క్యాసెట్టు ఇచ్చాను. తీసుకుంది గాని చూడలేదు. ఏమన్నాడో నన్నే చెప్పమంది. కాదన్నాడని చెప్పాను. దారిలో బస్సంతా విన్న సంగతి కూడా దాచలేదు. ఆమె బస్సు కిటికీల వైపు చూసింది. ఒక్క మొహం కూడా ఇటు తిరగలేదు.

“మంచిదే. గీ మాట మూన్నెల్ల కింద అంటే అయిపోతుండె.” క్యాసెట్టు తిప్పి చూసి, “గా నవ్వు ఉన్నదా ఇంక?” అంది.

లేదు, చివరి దాకా చెరిపాడు అన్నాను. ఎలా చెరిపాడో చెప్పాను.

“గంత మంచిగ చెరుపవస్తదా ఆయనకు?” క్యాసెట్టు సంచిలో వేసుకుంది. “మరి గప్పుడెందుకు చెరుపలే?”

బస్సు హారను కొట్టింది. ఆమె బడికి వెళ్ళింది, నేను జగిత్యాల దారి పట్టాను. ముప్పావు గంట ప్రయాణం.

దుబాయి రాత్రుల మీద నా తీర్పు ఇది: అక్కడ మనుషులు వారానికి నాలుగు గంటలు, గేటు మూసేలోపు, తమకోసం బతుకుతారు. మిగిలిన వారమంతా మనకోసం బతుకుతారు. దీని మీద వాదించేవాళ్ళు ఎవరైనా సరే మా ఇంటికి రండి, టీ పెడతాను, ఓడించి పంపుతాను. కానీ సుజాత అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. తర్వాత రాజేశానికి రెండు ఉత్తరాల్లో అదే అడుగుతూ రాశాను, వాడు తక్కిన వాటికన్నిటికీ బదులిచ్చి దాన్నొక్కటే దాటేశాడు. వెంట్రుకవాసి గీత తప్పనివ్వని మా రాజేశం, ఆ మొదటి టేపు చివర ఆ నవ్వును మరిచిపోయాడా, మేం వినాలనే వదిలిపెట్టాడా?