కుడివైపు వెలుతురు

బిలాస్‌పూర్‌లో నేను చిత్రలేఖనం బోధించిన విశ్వవిద్యాలయపు కళాభవనంలో పై అంతస్తు స్టూడియో నా అధీనంలో ఉండేది. ఆ ప్రాంతం కొత్త రాష్ట్రంగా ఏర్పడిన తొలి ఏళ్ల మాట అది. కింద మట్టిపని గది, దాని వెనుక మట్టి నానబెట్టే తొట్లు, మెట్ల పక్కన అచ్చుయంత్రం గది ఉండేవి. వాటి శుభ్రతకు నేను పూచీపడలేను. పై అంతస్తు సంగతి వేరు. అక్కడ బోర్డులు అరల్లో నిలువుగానే ఉండాలి, బొగ్గుముక్కలు డబ్బాల్లోనే ఉండాలి, చేతులు కడిగే సింకులో రంగు మరక కనిపించకూడదు. కిటికీల అంచుల మీద రాత్రికి రాత్రి పేరుకునే నల్లటి ధూళిని తడిగుడ్డతో తుడిచాకే పాఠం మొదలయ్యేది.

స్టూడియోకి ఉత్తరపు గోడ నిండా ఎత్తైన కిటికీలు. ఎండ నేరుగా పడదు. రోజంతా ఒకే తీరు వెలుతురు. విద్యార్థులు కూర్చునే పొడవాటి బల్లలను కళాశాలల్లో డాంకీలంటారు. గుర్రమెక్కినట్టు అటొక కాలు, ఇటొక కాలు వేసి కూర్చుని, ఎదుటి నిలువుపలకకు బోర్డు ఆనించి గీస్తారు. నేను డాంకీలన్నిటినీ తూర్పుముఖంగా వరుసల్లో పెట్టించాను. తూర్పుగోడకు ఆనుకుని వేదిక, దాని మీద గీయవలసిన వస్తువు, వెనుక మడతలతో వేలాడే తెర. అందరికీ ఎడమవైపు నుంచే వెలుతురు. గీసే చేతి నీడ గీత మీద పడకూడదని నేను చదువుకున్న చోట కూడా ఇదే పద్ధతి పాటించేవారు.

ఆ ఏడు మొదటి సంవత్సరంలో ఒక రైల్వే గార్డు కూతురు చేరింది. తాతల నాడు విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వే కాలనీలో స్థిరపడిన కుటుంబం వారిది. తమ క్వార్టర్ వరండాలో గీసి తెచ్చే బొమ్మల్లో ఆ అమ్మాయి గీత నిర్భయంగా సాగేది. స్టూడియోలో గీసినవి మాత్రం తడబడుతూ, మాటిమాటికీ చెరిపి దిద్దినట్టుండేవి. సంవత్సరాంతంలో స్టూడియోలోనే జరిగే పరీక్షను బట్టి ఎవరికి చిత్రకళ శాఖ ఇవ్వాలో, ఎవరిని వాణిజ్యకళకు పంపాలో నిర్ణయించేవాళ్లం. ఆమె మనసంతా చిత్రకళ మీదే. ఈ తీరున అయితే అది దక్కేది కాదు. తండ్రిని పిలిపించాను.

ఆయన డ్యూటీ దిగి తెల్ల యూనిఫాంతోనే, కూతురి వెంట స్టూడియోకి వచ్చారు.

"పుర్రచెయ్యండి మేడమ్ గారూ, అదే దీని జబ్బు. సిన్నప్పట్నుంచీ సెప్తన్నాను, కుడిసేత్తో గియ్యవే అని. ఇంటేనా?"

"కుడిచేత్తో అన్నం తింటన్నాను కదా నాన్నా. ఇంకేటి కావాలి?" అంది కూతురు.

"సూసారా, ఎలా మాటాడతందో. మా గుంటకి మీరైనా సెప్పండి."

నేను నోరు తెరిచేలోపే ఆమె నా వైపు తిరిగింది. "మేడమ్, ఏక్ బార్ నా డాంకీ మీద కూర్చోండి. బొగ్గు ఎడంచేత్తో పట్టుకోండి. బస్, ఒక్క గీత."

"మేడమ్ గార్ని డాంకీ ఎక్కమంటావేటే" అని తండ్రి కంగారుపడ్డారు.

చీర సర్దుకుని, బల్ల మీద ఓ పక్కకు కూర్చుని, ఎడమచేత బొగ్గు పట్టుకున్నాను. బొగ్గు మొన ఎక్కడుందో సరిగ్గా అక్కడే నా వేళ్ల నీడ పడింది. గీత ఎంత నలుపు తేలిందో చెయ్యి తీస్తేగాని తెలియలేదు. అందరికీ నీడ తప్పించిన కిటికీలు ఆమె ఒక్కతెకే నీడ తెచ్చిపెడుతున్నాయి.

"ఇంట్లో ఎటు తిరిగి కూర్చుంటావు?"

"వెలుతురు కుడివైపు ఉండేలాగ, మేడమ్."

ఆమె డాంకీని పడమటిముఖంగా తిప్పితే వెలుతురు సరిపోతుంది. కాని గీయవలసిన వస్తువు వీపు వెనుక ఉండిపోతుంది. కొంత ఆలోచించి, వేదికను గోడ దగ్గర నుంచి గది నడిమికి జరిపించాను. తెర తీయించాను. వేదికకు ఆవల, గోడ పక్కన, ఆమె డాంకీ ఒక్కటే మిగిలినవాటికి ఎదురుగా నిలిచింది. నా స్టూడియోలో ఒక బల్ల వరుస తప్పి ఉండటం కొన్నాళ్లు కంట్లో నలుసులాగే ఉండేది. అయినా ఆ అమరికను కొలిచి పటం గీసి, ఎవరూ కదపకుండా తలుపుకు అంటించాను.

"వెనకాల కూడా ఇంజన్ తగిలించారు రా" అన్నాడు తరగతిలో, లోకోషెడ్డు దగ్గర ఇల్లున్న కుర్రాడొకడు. "ఇంక బండి లేటవదు."

"నువ్వు ఖాళీ వ్యాగన్‌వి, చుప్‌చాప్ కూర్చో" అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఇద్దరినీ మందలించాను. నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరగవలసివచ్చింది.

పరీక్ష రోజున బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు వేదిక మీద ఒక మట్టికుండ పెట్టించి, వెనుక తెర ఏదని అడిగాడు. ఎందుకు లేదో వివరించాను. ఆయన కుండకు ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి వంగి చూశాడు.

"అలాగే ఉండనివ్వండి. కుండనూ, దాని వెనుక మీకు కనిపించేదాన్నీ గీయండి" అని పిల్లలకు చెప్పాడు.

పరీక్ష ముగిశాక కాగితాలన్నీ గోడలకు తగిలించాం. ఆ అమ్మాయి కాగితంలో ముందు కుండ, దాని వెనుక తరగతి అంతా ఉంది. ఒంటికన్ను మూసి కొలత చూస్తున్నవాడు, నాలుక కొస బయటపెట్టి గీస్తున్న పిల్ల, ఆవులిస్తున్న లోకోషెడ్డు కుర్రాడు, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ నేను. ఎక్కడా గీత తడబడలేదు. పరీక్షకుడు చాలాసేపు చూసి, చిత్రకళకు ఆమె పేరే ముందు సూచించాడు.

"మేడమ్, నేను ఆవులించలేదు" అన్నాడు ఆ కుర్రాడు, మళ్లీ ఆవులిస్తూ. ఈసారి నేను ఎటూ తిరగకుండానే, పిల్లలతో పాటు నవ్వాను.

సాయంత్రం తండ్రి వచ్చారు. చిత్రకళ శాఖ దక్కిన సంగతి కూతురు గుమ్మంలోనే చెప్పేసింది. ఆయన ఆమె కాగితం ముందు నిలబడి ఒక్కొక్క ముఖమే వెతుక్కున్నారు.

"అందరూ ఉన్నారు. మా గుంటేదండీ?"

"మిగిలిన గోడలన్నీ ఆమేనండి. చూడండి" అన్నాను.

నిజమే, ఎదుట కూర్చున్న ప్రతివారికీ కుండ వెనుక కనిపించినది ఆమే. ఒకరికి నుదురూ జడా దొరికాయి, ఒకరికి భుజం, ఒకరికి ముడిపడిన కనుబొమ్మలు. బొగ్గు పట్టిన ఎడమచెయ్యిని మాత్రం దాదాపు ఎవరూ వదల్లేదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, చిన్నగా నవ్వుకుంటూ, కాగితం వెంట కాగితం చూస్తూ వెళ్లారు. చివరి దాని దగ్గర ఆగారు. గీసినవాడు తన అలవాటు కొద్దీ బొగ్గును ఆమె కుడిచేతిలో పెట్టాడు.

"ఇది మా గుంట కాదండి" అన్నారు.

"కాదు. అందుకే ఆ కుర్రవాడికి మార్కు తగ్గించాను" అన్నాను.