షుకూర్ భాయ్ ఏడో తాళం

దర్జీ షుకూర్ సైకిల్‌కు ఏడు తాళాలు. బీరువాకు కూడా ఒక్క తాళంతో సరిపెట్టుకునే ఊళ్ళో, రంగు పోయి బ్రేకులు ఊడిన ఆ డొక్కు సైకిల్‌ను గేదెల గొలుసుతో ఇంటి గుంజకు చుట్టి, ఆ గొలుసుకు ఏడు తాళాలు బిగించేవాడు. ఒక్కోదాన్ని మూడేసి సార్లు లాగి చూసేవాడు. నాలుగడుగులు వేసి, మనసొప్పక వెనక్కొచ్చి మళ్ళీ లాగేవాడు.

"నికా నాడు నా చెయ్యి గూడ ఇంత గట్టిగ పట్టుకోలే ఈ మనిషి," అనేది ఆయన భార్య బేగం.

అందులో ఏడో తాళం మరీ విచిత్రం. మిగతా ఆరూ వాడివాడి అరిగిపోతే, అది మాత్రం కొన్ననాటి మెరుపుతోనే ఉండేది. వారానికోసారి దానికి కుట్టుమిషన్ నూనె పోసి తుడిచేవాడు.

ఆ తాళాల చప్పుడు వింటే పక్కింటి వీరబాబుకు కడుపు మండిపోయేది. మండదా మరి? అతనివి వరసగా మూడు సైకిళ్ళు పోయాయి. మొదటిది సంతలో వంకాయలు ఏరుతుండగా పోయింది. రెండోది దవాఖానా ముందు పోయింది. మూడోది ఊరికి దగ్గరున్న దమ్మపేట బస్టాపులో, షుకూర్ కుట్టు కొట్టుకు ఎదురుగా, షుకూర్ సైకిల్ పక్కనే పెడితే పోయింది. పక్కనున్న డొక్కుది మాత్రం నిక్షేపంలా నిలబడి ఉంది! దొంగలకు కూడా షుకూర్ అంటేనే మర్యాదా అని వీరబాబు కుమిలిపోయాడు.

ఆ రోజుతో సైకిల్‌కు దణ్ణం పెట్టేశాడు. పొద్దున ఆరింటికే షేర్ ఆటోలో పామాయిల్ నర్సరీకి పనికి పోయేవాడు. సాయంత్రం దమ్మపేటలో ఆటో నిండేదాకా కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే షుకూర్ బెల్లు కొట్టుకుంటూ పక్కనుంచి వచ్చేవాడు.

"వీరబాబూ, ఇంకెంతమంది ఎక్కాలె?"

"ముగ్గురు," అనేవాడు వీరబాబు పళ్ళు నూరుతూ.

"నేను ఇంటికి వోయి చాయ్ తాగుత. నువ్వు నిమ్మళంగ రా."

అసూయ ఎంతదాకా పోయిందంటే, వీరబాబు భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాడు: స్వామీ, షుకూర్ సైకిల్ పోతే కొబ్బరికాయ కొడతాను. వెంటనే భయమేసి మొక్కు సవరించుకున్నాడు: మళ్ళీ దొరికినా ఫర్వాలేదు, ఒక్కపూట పోతే చాలు.

ఇంతలో కూతురు హైమ సత్తుపల్లిలో ఇంటర్ చేరింది. దమ్మపేటలో ఎనిమిదింటి బస్సు అందుకోవాలి. ఆటో నిండి కదిలేసరికి వారానికి రెండుసార్లు బస్సు తప్పిపోయేది.

"నాయినా, హాజరు తక్కువైందంట. గిట్లనే అయితె పరీక్ష రాయనియ్యరంట. సైకిల్ కొనియ్యి."

"కొంట. నెల తిరగకముందే దొంగ తొక్కుతడు. దొంగలకు సైకిళ్ళు కొనిచ్చుడేనా నా పని?"

"సంగీత, భాను సైకిళ్ళ మీదనే వస్తున్నరు గద. వాళ్ళయి పోతలేవు. ఎందుకంటె షుకూర్ మామ..."

"ఆయన పేరెత్తకు నా ముందర!"

హైమ ఎన్నిసార్లు మొదలుపెట్టినా మాట అక్కడే తెగిపోయేది.

సెలవు దొరికిన ఒక రోజు వీరబాబు తానే హైమను బస్సెక్కించడానికి బయల్దేరాడు. ఆటో చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది. హైమ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆమెను ఏమని ఓదార్చాలో తెలియక వీరబాబు బస్టాపు వైపు చూశాడు, చూసి నోరు తెరిచాడు.

గేదెల గొలుసు ఒక స్తంభానికి చుట్టి, అక్కణ్ణుంచి ఆరు ఆడపిల్లల సైకిళ్ళ చక్రాల్లోంచి పొడుగ్గా సాగి ఉంది. ఒక్కో సైకిల్‌కూ ఒక్కో తాళం. గొలుసు చివర మెరిసే ఏడో తాళం ఊరికే వేలాడుతోంది. షుకూర్ వంగి వాటిని మూడేసి సార్లు లాగి చూస్తున్నాడు.

"గిదే నాయినా నేను చెప్పబోయేది," అంది హైమ.

"ఇదేంది భాయ్?" అన్నాడు వీరబాబు.

షుకూర్ నడుం పట్టుకుని లేచాడు. "నీ సైకిల్ పోయిన్నాడు నాది పక్కనే ఉండె. నాదానికి తాళమేసుకున్న, నీదాన్ని పట్టించుకోలే. నాకు శాన బాధైంది. ఆ వారమే ఈ పిల్లలు గూడ భయపడి సైకిళ్ళు బందుపెడ్తమన్నరు. అందుకే గొలుసు పొడుగు చేయించిన."

"మరి ఇంటికాడ ఏడు తాళాలెందుకు?"

"అవి సైకిల్‌కు గాదు. గొలుసు ఎవడన్న ఎత్తుకపోతడని."

"ఈ ఏడోది ఖాళీగ ఉందేంది?"

"అది నీది. ఏడాది సంది నూనె వోస్తున్న. నువ్వు సైకిల్ కొనకపోతివి."

వీరబాబుకు సిగ్గేసింది. మొక్కు గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. స్వామీ, అది మరిచిపో అని లోలోపలే చెంపలేసుకున్నాడు. ముఖం దాచుకోవడానికి అటు తిరిగితే, కొట్టు గోడకు ఆనించిన డొక్కు సైకిల్ కనిపించింది. దానికి గొలుసూ లేదు, తాళమూ లేదు.

"మరి నీ సైకిల్‌కు తాళమేది భాయ్?"

"బ్రేకుల్లేని దాన్ని ఎవడెత్తుకపోతడు?" అన్నాడు షుకూర్. "ఎత్తుకపోయినా యాడ ఆగుతడు?"

ఆ ఆదివారమే హైమకు సైకిల్ వచ్చింది. సోమవారం నర్సరీకి ఆలస్యమవుతున్నా వీరబాబు దగ్గరుండి ఏడో తాళం తానే వేశాడు. మూడుసార్లు లాగి చూశాడు. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగాడు.

"జరుగు, నేను జూస్త," అన్నాడు షుకూర్.

"అక్కర్లే భాయ్. నా బిడ్డ సైకిల్, నేనే లాగి జూసుకుంట."

"నూనె వోసింది నేను గద!" అన్నాడు షుకూర్ ఉడుక్కుంటూ.

షుకూర్ ముఖంలో అసూయను వీరబాబు మొదటిసారి చూశాడు. ఇన్నాళ్ళకు కడుపు చల్లబడింది. తాళాన్ని ఇంకొక్కసారి లాగి, ఆటో కోసం పరిగెత్తాడు.