ఓమా వాళ్ళ అక్క రాయి

దయ్యాలు, గాలి సోకుడు అంటే నేను నవ్వేదాన్ని. మా ఆయన పోయినంక ఒక్కదాన్నే పండుకున్న, ఎన్నడూ భయం కాలేదు. నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తున్నది. ఆమెకూ ఇసొంటి నమ్మకాలు లేవు.

మేముండేది జర్మనీల, కాట్‌బస్ దగ్గర చిన్న ఊరు. కింది ఇంట్ల ఒక ముసలమ్మ. నా మనవరాలు ఆమెను ఓమా అంటది, అంటే అమ్మమ్మ. నేనూ అట్లనే పిలుస్త.

ఈ దేశంల సమాధి కిరాయి ఇల్లు లెక్క. గడువు అయిపోతే రాయి తీసేస్తరు. అందుకే ఓమా అసొంటోళ్ళు కొందరు, జీతం లేదు ఏం లేదు, శనివారాలు పోయి రాళ్ళ ఫోటోలు తీసి పేర్లు ఆన్‌లైన్ల పెడ్తరు. ఎక్కడున్నోళ్ళయినా తమ పెద్దోళ్ళను ఎతుక్కోవచ్చు. నేను బకెట్, బ్రష్ పట్టుకొని ఎంట పోయేదాన్ని. మాట కలువదు, సైగలే.

గోడ పక్కన చంటిపిల్లల రాళ్ళు ఒక వరుస. సోమవారం తీసేస్తరట. ఓమా పుట్టకముందే పోయిన ఆమె అక్క ఆ వరుసలనే ఉన్నది. ఏ రాయో తెలువదు. అన్నీ అరిగిపోయినయి. రాయి మీద పేరు కనవడకుంటే ఆ పిల్ల ‘ఎవరో తెలువదు’ అని ఎక్కుతది. ఓమా ఒక్కొక్క రాయి తడిమి తడిమి చూసి, ఆఖరికి మా బిడ్డకు ఫోన్ చేసి నా చేతికిచ్చింది.

"అమ్మా, నీ కండ్లు మంచియట, నిన్ను చూడమంటున్నది."

"సదువు రానిదాన్ని పట్టుకొని అడుగుతున్నదేందే!"

"చదువకు. గీత కనవడితే చెప్పు, చాలు."

చూసిన. అన్నీ నున్నగనే ఉన్నయి.

శనివారం మా ఆయన పేరు మీద చీమలకు ఇంత బియ్యప్పిండి ఏసుడు నా అలవాటు. చివరి రాయి ముంగట నేల మీద పిడికెడు పోసి, బకెట్ కోసం అటు తిరిగిన. మళ్ళ చూస్తే నేల మీద పిండి లేదు. రాయి మీద ఉన్నది, సన్నగ, గీతలు గీతలుగ. గాలి అసలే లేదు.

ఓమాను పిలిచిన. దగ్గరికి ఒంగి ఆ గీతలను అక్షరాలు లెక్క చదివింది. "రెనాటె" అన్నది. వాళ్ళమ్మ చెప్పిన పేరు అదే. నా చెయ్యి పట్టుకొని నాతోని కూడ అనిపిచ్చింది. తర్వాతనే ఫోటో తీసింది.

ఫోటోల పేరు ఉన్నది, మా బిడ్డ చదివింది. తెల్లారి ఓమా తోటోళ్ళు పోయి రాయి కడిగి, పక్కనుంచి టార్చి కొట్టి చూసిన్రు. చెక్కిన గీత ఒక్కటి లేదట. ఒకాయన నా దిక్కు అనుమానంగ చూసిండు. నాకు సంతకం పెట్టుడే తిప్పలు, వాళ్ళ అక్షరాలు యాడ రాస్త? ఓమానే ఆయన మీద కయ్యిమన్నది.

సోమవారం రాళ్ళు పోయినయి. రెనాటె పేరు ఆన్‌లైన్ల ఉన్నది. ఓమాకు అది చాలు, ఎట్లయిందని అడుగదు. నాకే సమజ్ కాదు. పిండి నేను పోసింది నేల మీద.