మిరపకాయల మండీకి తాళం పడిన రోజు

నా చిన్నప్పుడు మద్రాసు తొండియార్‌పేటలో మా మామయ్యకు ఎండుమిరపకాయల మండీ ఉండేది. అమ్మకు తమ్ముడాయన. ఇప్పుడు నేను పనిచేసే ఆఫీసులో నా కింద బోలెడంతమంది పిల్లలున్నారు. రిటైరవ్వమన్నా అవ్వని ముసలిదాన్ని నేను. ఉద్యోగుల్లో ఉత్సాహం నింపడం ఎలాగో మాకు నేర్పడానికి ఎవరెవరో కోట్లు వేసుకుని వస్తారు, తెర మీద రంగురంగుల బొమ్మలు చూపిస్తారు, మధ్యాహ్నం బిర్యానీ తిని వెళ్తారు. వాళ్ళు చెప్పేది తప్పని అనను. కాకపోతే ఆ పాఠం నాకు మామయ్య మండీలో, మిరపకాయల ఘాటులో ఎప్పుడో అయిపోయింది.

మండీ వెనక పొడవాటి గోడౌను ఉండేది. అందులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేవాళ్ళు. ఆ పని చేస్తే వేళ్ళు భగ్గుమని మండుతాయి. పొరపాటున ఆ చేత్తో కన్ను నలుపుకున్నామా, ఇక అంతే సంగతులు. వాళ్ళలో కొందరు మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఆలస్యంగా వచ్చేవాళ్ళు. సరుకు లారీకి అందడం లేదని మామయ్యకు ఒకటే చిరాకు. చెడ్డవాడు కాదు, పండక్కి అందరికీ చీరలు పెట్టే మనిషే. కానీ మనుషుల్ని కదలనివ్వకపోతేనే పని జరుగుతుందని ఎవరో ఆయన చెవిలో ఊదారు. దాంతో ఒక దిండుక్కల్ తాళం కొనుక్కొచ్చాడు. ఆ తాళాల సంగతి మా వైపు అందరికీ తెలుసు, ఏనుగొచ్చి లాగినా ఊడవు.

ఆ రోజు వానకు బడి మూశారు. గోడౌనులో పని చూసుకునేది మా అమ్మమ్మే కాబట్టి నేనూ ఆమె వెంట వెళ్ళాను. మామయ్య లారీ మాట్లాడటానికి హార్బరు వైపు బయల్దేరుతూ కటకటాల గేటు లాగుతుంటే, వెనక వీధి అక్క లేచి నిలబడింది. చంటిబిడ్డను అత్త దగ్గర వదిలి కొత్తగా పనికొస్తున్న పిల్ల. బిడ్డ సంగతి మామయ్యకు తెలియదు. ఇంట్లో పనుంది, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి రావాలని అడిగింది.

"ఏం పని?" అన్నాడు మామయ్య.

ఆమె తల వంచుకుంది. ఏం పనో చెప్తేనే కదా తెలిసేది అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగాడు. మూటలు మోసే మగవాళ్ళంతా అక్కడే నిలబడి చూస్తున్నారు. ఏం లేదన్నా అని ఆమె కూర్చుండిపోయింది. మామయ్య మగవాళ్ళను తీసుకుని, బయటినుంచి తాళం వేసి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని చెప్పి వెళ్ళాడు. అమ్మమ్మ కూడా సరేలే అంది.

మధ్యాహ్నం దాటింది. మామయ్య రాలేదు. వాన మాత్రం కుండపోతగా కురుస్తూనే ఉంది. వీధిలో నీళ్ళు చూస్తుండగానే మోకాలి దాకా వచ్చాయి. జల్లు కొడుతోందని కిటికీలు మూసేశాం, దాంతో ఘాటు గది నిండా కమ్మేసింది. అందరం తుమ్ముతూ దగ్గుతూ, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. చేతులు మిరపకాయల మీద, కళ్ళు గేటు మీద. పొద్దుటి కుప్ప పొద్దున ఉన్నట్టే ఉంది. నాకైతే ఊపిరాడనట్టుండి ఏడుపొచ్చింది. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవాలి కదా అని బిగబట్టుకున్నాను.

వెనక వీధి అక్క మోకాళ్ళు ముడుచుకుని ఒక మూల కూర్చుంది. ఆమె రవికె ముందంతా తడిసి ఉంది. పైకప్పు కారుతోందనుకుని, ఇటు జరగమని ఆమెకు చెప్పి, ఎక్కడ కారుతోందా అని పైకి చూస్తున్నాను. అమ్మమ్మ వచ్చి ఆమెను ఒక్క చూపు చూసింది. బిడ్డ ఎప్పుడు పాలు తాగిందని అడిగింది. తెల్లవారుజామునే అని అక్క చెప్పేసరికి తల బాదుకుంది.

"ఓసి పిచ్చిదానా, నాతో అన్నా చెప్పకూడదా?"

ఎదురుగా చూరు కింద ఒక రిక్షా అతను తలదాచుకుని ఉంటే అమ్మమ్మ గేటు దగ్గర నిలబడి కేకేసింది. అతను రాయి తెచ్చి తాళాన్ని బాదాడు, ఎక్కడా చెక్కు చెదరలేదు. చేసేది లేక అమ్మమ్మ అతన్ని వెనక వీధికి పంపింది. కాసేపటికి అక్క అత్తగారు బిడ్డతో రిక్షాలో వచ్చింది. ఏడ్చి ఏడ్చి బిడ్డకు గొంతు పోయింది. ఎలా తిప్పినా కటకటాల సందులోంచి పట్టదు. అక్క చేతులు చాచి, చప్పున వెనక్కి లాక్కుంది. రెండు చేతులకూ మిరపకాయల మంటే. మజ్జిగతో కడిగాం, కొబ్బరినూనె రాశాం, అయినా మంట పోలేదు. చివరికి మిరపకాయ ముట్టని అమ్మమ్మే తడిగుడ్డతో ఆమె రొమ్ము తుడిచి, గేటుకు ఆనించి నిలబెట్టింది. బయటినుంచి అత్తగారు బిడ్డను ఇనుప కడ్డీలకు అదిమి పట్టింది. ఆడవాళ్ళు చుట్టూ కొంగులు అడ్డం పట్టారు. బిడ్డ వెతుక్కుని వెతుక్కుని పట్టుకుంది. అక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కన్నబిడ్డను తాకకుండా నిలబడి ఏడ్చింది. అక్కడున్న వాళ్ళెవరమూ ఏడవకుండా ఉండలేకపోయాం.

సరిగ్గా అప్పుడే మామయ్య పంచె ఎగ్గట్టి, నీళ్ళల్లో పడుతూ లేస్తూ వీధి మలుపులో కనబడ్డాడు. చేతిలో తాళంచెవి ఉంది. అమ్మమ్మ ఆయన్ని చూసింది.

"ఆడనే నిలబడు. ఇటు చూడబాక. బిడ్డ తాగినాకే నీ తాళం."

మామయ్య ఎదుటి గోడ వైపు తిరిగి అలాగే నిలబడిపోయాడు. వాన నెత్తి మీద కొడుతోంది. బిడ్డ తాగుతోంది, ఆగుతోంది, మళ్ళీ తాగుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

మర్నాటినుంచి గేటుకు తాళం లేదు. అందరూ పనికొచ్చారు, అక్క రాలేదు. కొన్నాళ్ళు చూసి మామయ్యే అమ్మమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. ఇక తాళం వెయ్యను, మధ్యాహ్నం ఇంటికెళ్ళి బిడ్డను చూసుకుని రా, కూలి తగ్గించను అని గడప దగ్గర నిలబడి చెప్పాడు. అక్క మాకు మంచినీళ్ళిచ్చింది. ఆమెలో కోపం కనబడలేదు.

"తాళం పోనీలేన్నా. వానొస్తాదని మీకు మాత్రం ఏం తెలుసు. పొద్దున నేను అడిగితినే, అప్పుడు అంతమంది ముందర ఏం పని, ఏం పని అంటిరే. ఆడ నేనేం చెప్పేది?"

అక్క మళ్ళీ మా మండీకి రాలేదు.

ఆఫీసులో మా పైవాళ్ళు, ఎవరు సీట్లోంచి లేచినా కారణం కనుక్కోమంటారు. నేను ఊ అంటాను, కనుక్కోను. పోయిన వారం మా టీములో ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి, కొంచెం పనుంది మేడం, ఇప్పుడే వెళ్ళాలి అంది. వెళ్ళిరా అమ్మా అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. ఏదో కారణం కూడబలుక్కుని వచ్చినట్టుంది పాపం, నేను అడుగుతానని ఎదురుచూసింది. నేను అడగలేదు. కళ్ళు తుడుచుకుని బ్యాగు తీసుకుని వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు.